32 జీబీల సంసారం

కొన్న ఏడాదికే నిండిపోయింది. ఇప్పుడు అప్‌డేట్లు కూడా ఆగిపోయాయి. బీరువా మీద దుమ్ము పట్టిన చిన్న ల్యాప్‌టాప్ మీ ఇంట్లోనూ ఉంటే, పాత సామాన్లవాడికి వేసేముందు ఈ కథనం చదవండి. ఆపరేటింగ్ సిస్టం మారిస్తే అది ఇంకొన్నేళ్లు పనికొస్తుంది.

లాక్‌డౌన్ రోజుల్లో పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం ఎంతోమంది అమ్మానాన్నలు అప్పోసప్పో చేసి ల్యాప్‌టాప్‌లు కొన్నారు. నలభై యాభై వేలు పెట్టే స్తోమత లేనివాళ్లకు దొరికింది పదకొండు అంగుళాల తెర ఉన్న బుల్లి ల్యాప్‌టాప్. కిలో పైచిలుకు బరువు. చాలావాటికి ఫ్యాను కూడా ఉండదు కాబట్టి చప్పుడు లేదు. చేతిసంచిలో పట్టేస్తుంది. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉన్న ఒక అంకెను మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. స్టోరేజీ 32 జీబీ. కొన్నింటిలో 64.

ఆ తర్వాత జరిగింది దాదాపు అందరిళ్లలోనూ ఒకటే. కొన్ని నెలలకే సి డ్రైవ్ గీత ఎర్రబడింది. పిల్లలు ఫొటోలు తీసేశారు, పాఠాల వీడియోలు తీసేశారు. అయినా ఎరుపు పోలేదు. రాత్రంతా నడిచిన అప్‌డేట్ తెల్లారేసరికి స్థలం చాలక మధ్యలోనే ఆగిపోయేది. రిపేరు షాపుకు తీసుకెళ్తే, ‘ఇందులో డిస్కు మార్చడం కుదరదమ్మా, కొత్తది తీసుకోండి’ అన్నారు. అంతలో 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఇళ్లలో వాడుకునేవాళ్లకు ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు పొడిగిస్తామని ఆ సంస్థ చెప్పింది. అప్‌డేట్ ఇచ్చినా దించుకోవడానికి చోటు లేని యంత్రానికి ఆ పొడిగింపు ఏ మేరకు ఉపయోగపడుతుంది?

ఈ ల్యాప్‌టాప్‌లలో చాలావాటి కీబోర్డు బాగుంది, తెర బాగుంది, బ్యాటరీ కూడా ఇంకా కొంత పనిచేస్తోంది. చెడిపోయిందేమీ లేదు. దాని శక్తికి మించిన సిస్టంను మొదటి రోజే దాని నెత్తిన పెట్టి అమ్మారు. తప్పు వస్తువుది కాదు, కొన్న తల్లిదండ్రులది అసలే కాదు.

జాగా అంతా ఎటు పోయింది?

కంపెనీ లెక్కలో ఒక జీబీ అంటే వంద కోట్ల బైట్లు. విండోస్ కొలత వేరు. దాని ప్రకారం 32 జీబీ డిస్కు 29.8 జీబీలే. అందులో కంప్యూటర్ ఆన్ కావడానికీ, రికవరీకీ కొంత ముందే పక్కకు పోతుంది. మిగిలినదాంట్లో విండోస్ 10 ఫైళ్లే సుమారు 20 జీబీ. పైగా 2019లో వచ్చిన 1903 వెర్షన్ నుంచి కొత్త కంప్యూటర్లలో అప్‌డేట్ల కోసమని మరో 7 జీబీ దాకా విడిగా అట్టిపెట్టడం మొదలైంది. కొత్త కంప్యూటర్లకు కనీసం 32 జీబీ స్టోరేజీ ఉండాలని మైక్రోసాఫ్ట్ చెప్పింది కూడా ఆ వెర్షన్‌తోనే. మన చేతిలో ఉన్న మొత్తం డిస్కే ఆ కనీస అవసరం!

పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు అసలు చిక్కు. కొత్త విండోస్ దిగుతుంది. పాతది ‘విండోస్.ఓల్డ్’ అనే ఫోల్డరులో పది రోజులు అలాగే ఉంటుంది. రెండు గదుల ఇంట్లో పాత కాపురం ఖాళీ చెయ్యకుండానే కొత్త కాపురం సామాను దించుకుంటే ఎలా ఉంటుందో, ఆ పది రోజులూ డిస్కు పరిస్థితి అది. ఇక విండోస్ 11కి కనీసం 64 జీబీ కావాలి. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసర్ అయ్యుండాలి. 32 జీబీవి మొదటి షరతు దగ్గరే ఆగిపోతాయి.

డిస్కు మార్చలేమని షాపువాళ్లు చెప్పింది చాలావరకు నిజమే. ఇందులో వాడేది ఈఎంఎంసీ అనే చిప్పు. ఫోన్లలో వాడే రకం. మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది కాబట్టి ఊడదీసి పెద్దది పెట్టే వీలు లేదు. నిండేకొద్దీ నెమ్మదిస్తుంది కూడా. అయితే కొన్ని మోడళ్లలో ఎం.2 ఎస్‌ఎస్‌డీ బిగించుకునే ఖాళీ స్లాటు ఉంటుంది. అడుగు పలక విప్పి ఒకసారి చూడమని షాపులో అడగండి. ఉందంటే, జాగా గొడవ అక్కడికక్కడే తీరిపోయినట్టే.

ఈ చిన్న ల్యాప్‌టాప్‌ల పుట్టుక తెలిస్తే ఇంకో సంగతి అర్థమవుతుంది. 2007లో అసుస్ కంపెనీ ‘ఈ పీసీ 701’ అనే ఏడంగుళాల యంత్రాన్ని తెచ్చి ఈ తరహాకు ఊపు తెచ్చింది. అందులో స్టోరేజీ 4 జీబీ మాత్రమే. అది నడిచింది లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం మీద. చిన్న స్టోరేజీకి తగ్గ సిస్టం కావాలని తయారుచేసినవాళ్లకు మొదట్లోనే తెలుసన్నమాట. ఆ తర్వాత మార్కెట్ విండోస్ వైపు మళ్లింది. 2014లో చవక యంత్రాల కోసమని ‘విండోస్ 8.1 విత్ బింగ్’ను తెచ్చారు. రెండు వందల డాలర్ల ధరలో 32 జీబీతో హెచ్‌పీ స్ట్రీమ్ 11 లాంటివి వచ్చాయి. అప్పటి విండోస్ వాటిలో ఎలాగో ఇమిడింది. విండోస్ పెరుగుతూ పోయింది, సోల్డర్ చేసిన చిప్పు పెరగలేదు.

2023 చివర్లో కెనాలిస్ అనే పరిశోధన సంస్థ, విండోస్ 10 ముగింపు కారణంగా సుమారు 24 కోట్ల కంప్యూటర్లు చెత్తలో చేరవచ్చని అంచనా వేసింది. అందులో మన ఇంటిది ఒకటి తగ్గినా మేలే. అందుకు దారి, విండోస్ తీసేసి లినక్స్ వేసుకోవడం.

మారకూడని వాళ్లూ ఉన్నారు

లినక్స్ ఉచితం, వైరస్‌ల బెడద తక్కువ, తేలిక. ఇవన్నీ నిజమే. అయినా అందరికీ పనికొస్తుందని చెప్పడం అన్యాయం. ఆ ల్యాప్‌టాప్ మీద ట్యాలీ నడుపుకునే చిన్న వ్యాపారి మారకూడదు. ట్యాలీ విండోస్ కోసం చేసింది. డిజిటల్ సంతకం టోకెన్‌తో రిటర్నులు వేసేవాళ్లు, వేలిముద్ర యంత్రం తగిలించి సేవాకేంద్రం నడిపేవాళ్లు ముందుగా ఆ పరికరానికి లినక్స్ డ్రైవర్ ఉందో లేదో అమ్మినవాళ్లను అడిగి తేల్చుకోవాలి. కొన్ని ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్లు విండోస్‌లో తప్ప తెరుచుకోవు. పరీక్ష ఉన్న పిల్లల ల్యాప్‌టాప్ జోలికి ఆ నెలలో వెళ్లకండి.

మన దగ్గర ముఖ్యంగా చెప్పుకోవాల్సింది డీటీపీ వాళ్ల గురించి. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసేవాళ్ల ఏళ్లనాటి పనంతా అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ ఫైళ్లలో ఉంటుంది. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే తెలుగు అక్షరం ఒక్కటీ కనిపించదు, అర్థంకాని గుర్తులే వరసగా వస్తాయి. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపించే ‘వైన్’ అనే మార్గం ఒకటి ఉంది. బతుకుతెరువును మాత్రం దాని మీద వదిలేయవద్దు. అలాంటివాళ్లు విండోస్‌లోనే ఉండి, వీలైనప్పుడు పెద్ద డిస్కున్న యంత్రానికి మారడమే మంచిది.

బ్రౌజర్, మెయిలు, యూట్యూబ్, ఉత్తరాలు రాసుకోవడం, లెక్కల పట్టీలు, పీడీఎఫ్‌లు, పాటలు, పిల్లల ప్రోగ్రామింగ్ పాఠాలు. మీ వాడకం ఇంతే అయితే నిస్సంకోచంగా మారండి.

ఏది ఎంచుకోవాలి?

లినక్స్ పేరుతో వందల రకాలున్నాయి. ఎవరిని అడిగినా తాము వాడేదే గొప్పదంటారు. చిన్న డిస్కు ఉన్నవాళ్లు అన్నీ తిరగెయ్యనక్కర్లేదు. ర్యామ్ ఎంతో చూసుకుంటే చాలు.

4 జీబీ ర్యామ్ ఉంటే నా సలహా లినక్స్ మింట్, అందులోనూ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రూపం. విండోస్ అలవాటున్నవాళ్లకు మెనూ, టాస్క్‌బార్ ఎక్కడివక్కడే ఉన్నట్టుంటాయి. అధికారిక లెక్క ప్రకారం దీనికి 20 జీబీ జాగా చాలు. ఇన్‌స్టాల్ చేశాక 32 జీబీ డిస్కులో దాదాపు సగం ఖాళీగా ఉంటుంది. ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్ అందులోనే కలిసి వస్తాయి. మింట్ 22 వరుసకు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. ఇంకో కారణం కూడా ఉంది. మింట్‌కు ఆధారమైన ఉబుంటు కుటుంబంలోని మిగతా రకాల్లో చాలావి ‘స్నాప్’ అనే పద్ధతిలో ప్రోగ్రాములు ఇస్తాయి. అవి డిస్కును ఎక్కువ తింటాయి. మింట్ 2020 నుంచి స్నాప్‌ను పక్కనపెట్టింది. 500 జీబీ ఉన్నవాడు పట్టించుకోని ఈ తేడా మనకు చాలా పెద్దది.

ర్యామ్ 2 జీబీయే అయితే యాంటిఎక్స్ చూడండి. అందంగా ఉండదు. పని మాత్రం చేస్తుంది. ప్రాసెసర్ మరీ పాత 32 బిట్ రకమైనా దానికి తగ్గ రూపం ఇస్తున్న కొద్దివాటిలో ఇది ఒకటి. డెబియన్ అనే లినక్స్ రకం కూడా 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్‌తో 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది.

గూగుల్ వారి క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ మరో దారి. 4 జీబీ ర్యామ్, 16 జీబీ డిస్కు ఉంటే చాలు. బ్రౌజర్ తప్ప ఇంకేమీ అక్కర్లేని పెద్దవాళ్లకు సుఖంగా ఉంటుంది. కానీ ప్లే స్టోర్ యాప్‌లు రావు, ఇంటర్నెట్ లేకపోతే చేయగలిగింది తక్కువ. నెట్ వస్తూ పోతూ ఉండే ఊళ్లలో దీన్ని సిఫారసు చేయలేను.

విండోస్‌ను ఉంచుకుని పక్కనే లినక్స్ వేసుకుందామని చాలామంది అడుగుతారు. 32 జీబీలో వద్దు. ఇద్దరికీ చాలదు. 64 జీబీలోనూ ఇరుకే.

తుడిచేముందు

మొదట ఫైళ్లు. డిస్కే 32 జీబీ కాబట్టి సొంత ఫైళ్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తాయి. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ మూడూ చూడండి. మార్కుల మెమోలు, ఆధార్ స్కాన్లు ఎక్కువగా డౌన్‌లోడ్స్‌లోనే మరిచిపోయి ఉంటాయి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు వేరే చోట రాసిపెట్టుకోండి. తర్వాత మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విండోస్ పెన్‌డ్రైవ్ ఒకటి తయారుచేసి పక్కన పెట్టండి. లైసెన్సు ఆ యంత్రానికే ముడిపడి ఉంటుంది కాబట్టి, ఎప్పుడైనా వెనక్కి రావాలనిపిస్తే మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు.

ఇప్పుడు ఇంకో 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని, రూఫస్ లేదా ఎచర్ అనే ప్రోగ్రాం వాడి, మింట్ సైటు నుంచి దించుకున్న ఫైలును దానిలోకి ఎక్కించాలి. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎఫ్2 లేదా ఎస్కేప్ నొక్కి, పెన్‌డ్రైవ్ నుంచి మొదలయ్యేలా చూడాలి. తెర మీద మింట్ కనిపిస్తుంది. ఇంకా ఏదీ ఇన్‌స్టాల్ కాలేదు, డిస్కులో ఒక్క అక్షరం మారలేదు. ఈ దశకు తగినంత సమయం ఇవ్వండి. తొందరపడి ఇన్‌స్టాల్ బటన్ నొక్కేవాళ్లే తర్వాత బాధపడతారు.

వైఫై వస్తోందా? ఒక పాట పెట్టి వినండి, సౌండ్ వస్తోందా? కెమెరా, టచ్‌ప్యాడ్, వెలుతురు తగ్గించే మీటలు చూడండి. మూత వేసి తీస్తే లేస్తోందా? చవక ల్యాప్‌టాప్‌లలో, ముఖ్యంగా పాత ఆటమ్ ప్రాసెసర్ ఉన్నవాటిలో, ఇబ్బంది పెట్టేవి సౌండ్, వైఫై. వైఫై రాకపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి. నెట్ వస్తుంది, దాంతో డ్రైవర్ దించుకోవచ్చు. సౌండ్ ఎంతకీ రాకపోతే మాత్రం ఇంకో రకం లినక్స్‌తో పరీక్షించండి, లేదా ఆగిపోండి.

2014, 15 ప్రాంతంలో వచ్చిన కొన్ని ఆటమ్ యంత్రాల్లో విచిత్రమైన లోపం ఉంది. ప్రాసెసర్ 64 బిట్, దాన్ని మేల్కొలిపే ఫర్మ్‌వేర్ మాత్రం 32 బిట్. అలాంటివాటికి చాలా లినక్స్ పెన్‌డ్రైవ్‌లు అసలు కనిపించవు. పెన్‌డ్రైవ్ పాడైందనుకుని జనం విసిగిపోతారు. డెబియన్ ఈ రకాన్ని ఎప్పటినుంచో పట్టించుకుంటోంది, దాంతో ప్రయత్నించండి.

ఆ ఒక్క తెర దగ్గర ఆగండి

ఇన్‌స్టాల్ మొదలుపెట్టాక భాష, కీబోర్డు, వైఫై అన్నీ సులువుగా అడుగుతుంది. ఆ తర్వాత, డిస్కును ఎలా వాడాలో అడిగే తెర వస్తుంది. అక్కడ కాస్త నిదానించాలి.

చాలా కంప్యూటర్లలో లోపలి డిస్కు పేరు ఎస్‌డీఏ అని కనిపిస్తుంది. ఈఎంఎంసీ ఉన్న చిన్న ల్యాప్‌టాప్‌లో అలా ఉండదు. ఎస్‌డీఏ అంటే మీరు పెట్టిన పెన్‌డ్రైవ్. లోపలి చిప్పు పేరు ఎంఎంసీబీఎల్‌కే అనే అక్షరాలతో మొదలై చివర ఒక అంకెతో, ఎక్కువగా సున్నాతో, ఉంటుంది. దాని పక్కనే చివర బూట్0, బూట్1 అని ఉన్న చిన్న భాగాలు రెండు కనిపించవచ్చు. అవి చిప్పు సొంతానివి, వాటిని ముట్టుకోకండి. మెమరీ కార్డు పెట్టి ఉంటే అది కూడా ఇదే తరహా పేరుతో వరుసలో నిలబడుతుంది. అందుకే ఇన్‌స్టాల్‌కు ముందే కార్డు తీసి పక్కన పెట్టండి. మిగిలినవాటిలో పేరు, సైజు రెండూ సరిచూసుకుని, సుమారు 31 లేదా 32 జీబీ చూపిస్తున్న డిస్కునే ఎంచుకోవాలి. ‘డిస్కు మొత్తం చెరిపేసి ఇన్‌స్టాల్ చెయ్యి’ అన్నది ఎంచుకుంటే, అప్పటిదాకా విండోస్ పట్టుకున్న రికవరీ భాగాలతో సహా జాగా అంతా మన చేతికొస్తుంది.

తెలుగు మాటేమిటి?

లినక్స్‌లో తెలుగు సరిగా రాదన్న పాత అపోహ ఇంకా తిరుగుతోంది. నోటో, లోహిత్ వంటి యూనికోడ్ ఫాంట్లతో తెలుగు వెబ్‌సైట్లు చక్కగా కనిపిస్తాయి. టైపు చేయడానికి ఐబస్ అనే ప్రోగ్రాం, దానితోపాటు ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకుంటే చాలు. ఇన్‌స్క్రిప్ట్ వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ వస్తుంది. అను వాడినవాళ్ల వేళ్లకు అలవాటైన ఆపిల్ కీబోర్డు అమరిక కూడా అందులో ఉంది. అంటే పాత ఫైళ్లు తెరుచుకోకపోయినా, కొత్తగా రాయడానికి చేతి అలవాటు మార్చుకోనక్కర్లేదు. రాసింది యూనికోడ్ కాబట్టి ఫోన్‌లో, మెయిల్లో, ఎక్కడైనా అదే తెలుగు కనిపిస్తుంది.

నిండనివ్వకండి

లినక్స్ వేసినా 32 జీబీ 32 జీబీయే. జాగ్రత్త తీసుకోకపోతే ఇది కూడా నిండుతుంది. ఎలా నిండుతుందో ముందే తెలిస్తే ఆపడం తేలిక.

మింట్ మొదటి రోజే టైమ్‌షిఫ్ట్ పెట్టుకోమని చెబుతుంది. ఏదైనా చెడితే వెనక్కి వెళ్లడానికి సిస్టంకు నకలు తీసిపెట్టే మంచి ఏర్పాటు అది. కానీ మొదటి నకలు దాదాపు సిస్టం అంత ఉంటుంది. దాన్ని అదే చిన్న డిస్కులో దాస్తే ఆ సాయంత్రానికే గీత ఎర్రబడుతుంది. బయటి డ్రైవ్ ఉంటే అందులో పెట్టుకోండి, లేకపోతే వదిలేయండి. ప్రోగ్రాములు దించుకునేటప్పుడు ఫ్లాట్‌ప్యాక్ అని రాసి ఉంటే ఆగి సైజు చూడండి. చిన్న ప్రోగ్రాం కోసం కూడా మొదటిసారి జీబీకి అటూఇటూగా సరంజామా దిగుతుంది. మామూలు ప్యాకేజీ దొరికితే అదే తీసుకోండి. అప్‌డేట్ మేనేజర్లో పాత కెర్నల్స్‌ను, అంటే లినక్స్ మూలభాగం పాత వెర్షన్లను, దానంతటదే తీసేసే ఏర్పాటు ఉంది, ఆన్ చేయండి. సిస్టం రాసుకునే దినచర్య లాగ్‌లు డిస్కులో పదో వంతు దాకా పెరగవచ్చు. మనకు అది మూడు జీబీ. దాన్ని వంద రెండొందల ఎంబీకి పరిమితం చేసుకోవచ్చు.

సినిమాలు, పాటలు, పాఠాల వీడియోలు మెమరీ కార్డులో పెట్టండి. సిస్టం మాత్రం లోపలి చిప్పులోనే ఉండాలి.

ఇన్ని చేసినా దాన్నుంచి ఏం ఆశించాలో తెలిసి ఉండాలి. సెలెరాన్ ప్రాసెసర్ రాత్రికి రాత్రి వేగవంతం కాదు. ఇరవై ట్యాబులు తెరిస్తే మొరాయిస్తుంది. నాలుగైదు ట్యాబులు, ఒక ఉత్తరం, ఒక వీడియో అయితే హాయిగా నడుస్తుంది. రాత్రంతా నడిచే అప్‌డేట్లు ఉండవు, ఎర్ర గీత ఉండదు. ఇంటర్మీడియట్ చదివే పిల్లకు పైథాన్ నేర్చుకోవడానికీ, రిటైరైన తాతయ్యకు పేపర్లు చదవడానికీ ఇంతకు మించి కావాలా?

కేరళలో ప్రభుత్వ బడుల పిల్లలు ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే కంప్యూటర్ పాఠాలు నేర్చుకుంటున్నారు. వాళ్ల విద్యాశాఖ సంస్థ కైట్ బడుల కోసం సొంతంగా లినక్స్ తయారుచేసి ఇస్తోంది. లక్షల మంది పిల్లలకు అది మామూలు సంగతి. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ, దాని వెంట ఇంజినీరింగ్ కాలేజీల్లోని లినక్స్ బృందాలు మన దగ్గరా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేస్తున్నాయి. వాళ్లకు ఒక విన్నపం. ఏడాదికొక ఆదివారం మీ కాలేజీ గేట్లు చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు తెరవండి. పాత ల్యాప్‌టాప్, ఒక ఖాళీ పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చినవాళ్లకు సిస్టం మార్చి, తెలుగు కీబోర్డు పెట్టి పంపండి. మీకు గంటా రెండు గంటల పని. కొత్తది కొనలేని ఇంట్లో అది మరో మూడు నాలుగేళ్ల చదువు.

ఇక కొత్తగా చిన్న ల్యాప్‌టాప్ కొనబోతున్నవాళ్లకు ఒక మాట. రంగు, తెర, ఆఫర్ చూసేముందు స్టోరేజీ ఎంత, దాన్ని మార్చుకునే వీలుందా అని అడగండి. 128 జీబీకి తక్కువై, చిప్పు సోల్డర్ చేసి ఉంటే, ఎంత తక్కువకు ఇస్తామన్నా కొనకండి.